పాత పరికరాలకు కొత్త ల్యాప్‌టాప్: కొనే ముందు తేల్చుకోవాల్సినవి

కొత్త ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్ (పాత సీరియల్ పోర్టు పరికరాన్ని యూఎస్‌బీకి కలిపే ముక్క) తగిలిస్తాం. విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో దాని పోర్టు పేరు కామ్7 అని కనిపిస్తుంది. పసుపు గుర్తు లేదు, అంతా బాగానే ఉన్నట్టుంది. తీరా తూకం యంత్రం సాఫ్ట్‌వేర్ తెరిస్తే పోర్టు దొరకలేదంటుంది. కన్వర్టర్ పాడైందనుకుని ఇంకోటి తెస్తాం, దానితోనూ అదే తంతు. అసలు సంగతేమిటంటే, ఆ సాఫ్ట్‌వేర్ రాసిన రోజుల్లో కంప్యూటర్‌కి మామూలుగా కామ్1 నుంచి కామ్4 దాకానే ఉండేవి. అంతకు మించిన నంబరు దాని కంటికి ఆనదు. డివైస్ మేనేజర్‌లో ఆ పోర్టు ప్రాపర్టీస్ తెరిచి, పోర్ట్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కి, 7ని 3గా మారిస్తే యంత్రం బరువు చెప్పడం మొదలుపెడుతుంది.

పాత పరికరాలతో వచ్చే చిక్కుల్లో చాలా భాగం ఈ కోవలోవే. ప్లగ్గు దూరుతుందా లేదా అన్నది వాటిలో అన్నిటికన్నా తేలిక ప్రశ్న. దూరాక సరైన వోల్టేజీ అందుతోందా? పోర్టు వెనక ఉన్న దారి యూఎస్‌బీనా, కార్డులను కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్సా? పరికరం డ్రైవర్, అంటే దాన్ని విండోస్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్, ఈ విండోస్‌లో, ఈ ప్రాసెసర్ మీద ఎక్కుతుందా? జవాబు వేళకి వస్తుందా? ల్యాప్‌టాప్ ఎంపికను నిర్ణయించేవి ఈ నాలుగు ప్రశ్నలు. కాబట్టి మోడళ్లు చూడటానికి ముందే ఒక కాగితం తీసుకుని పరికరాల జాబితా రాయాలి. పరికరం పేరు, దాని పోర్టు, పిన్నులు ఎన్ని, మగదా ఆడదా, ఇప్పుడు ఏ విండోస్ మీద నడుస్తోంది, అది 32-బిట్టా 64-బిట్టా, డ్రైవర్ ఏ సంవత్సరానిది, సెటప్ ఫైలు, లైసెన్స్ నంబరు చేతిలో ఉన్నాయా. ఈ చివరిది రాయబోయేసరికే కొన్ని పరికరాల భవిష్యత్తు తేలిపోతుంది.

జాబితా రాసేటప్పుడు 25 పిన్నుల పోర్టు దగ్గర జాగ్రత్త. పాత కంప్యూటర్ వెనక 25 రంధ్రాలతో ఆడ కనెక్టర్ ఉంటే అది ప్యారలల్ పోర్టు. అదే ఆకారంలో పిన్నులు పొడుచుకొచ్చి మగ కనెక్టర్ ఉంటే సీరియల్. రెండూ ఒకటే అనుకుని కన్వర్టర్ కొంటే మొదటికే మోసం వస్తుంది. ఇంకో తిరకాసు కూడా ఉంది. 9 పిన్నుల సీరియల్‌లో కంప్యూటర్ వైపు 2వ పిన్ను డేటా తీసుకునేది, 3వది పంపేది, 5వది గ్రౌండ్. 25 పిన్నుల సీరియల్‌లో ఆ 2, 3 తారుమారవుతాయి, గ్రౌండ్ 7కి పోతుంది.

సీరియల్: అన్నిటికన్నా ఆశ ఉన్నదీ, ఎక్కువ ఏడిపించేదీ

పీఎల్‌సీలు (ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే కంట్రోలర్లు), సీఎన్‌సీ యంత్రాలు (కంప్యూటర్ చెప్పినట్టు కోసే యంత్రాలు), తూకాలు, ల్యాబ్ మీటర్లు, నెట్‌వర్క్ స్విచ్‌ల కన్సోల్ పోర్టులు ఇప్పటికీ ఆర్‌ఎస్-232 భాషే మాట్లాడతాయి. ఈ ప్రమాణం 1960లలో పుట్టింది. సున్నాకి ప్లస్ 3 నుంచి 15 వోల్టులు, ఒకటికి మైనస్ 3 నుంచి 15 వోల్టులు. సిగ్నల్‌లో ఈ మైనస్ వోల్టేజీ ఉండటమే దీన్ని గుర్తుపట్టే ఆనవాలు. పోర్టు ఆకారం చూసి నమ్మకుండా మల్టీమీటర్ పెట్టి చూడొచ్చు: నల్ల ప్రోబ్ 5వ పిన్ను మీద, ఎర్ర ప్రోబ్ డేటా పంపే పిన్ను మీద. పని లేకుండా ఉన్నప్పుడు మైనస్ 5 నుంచి 12 మధ్య చూపిస్తే అసలైన ఆర్‌ఎస్-232. ప్లస్ 3.3 గానీ ప్లస్ 5 గానీ చూపిస్తే అది టీటీఎల్ స్థాయి. చిన్న సర్క్యూట్ బోర్డుల మీద ఉండేవి ఎక్కువగా ఇవే. వీటికి ఆర్‌ఎస్-232 కన్వర్టర్ తగిలిస్తే బోర్డు కాలిపోవచ్చు. ఆర్‌ఎస్-485 మళ్లీ వేరే సంగతి. అందులో రెండు తీగల మధ్య తేడాయే సిగ్నల్, పొడవైన లైనుకి రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. దానికి దాని కన్వర్టరే కొనాలి.

ల్యాప్‌టాప్‌కి సీరియల్ పోర్టు లేకపోతే కన్వర్టరే గతి, కాబట్టి అందులో ఏ చిప్ ఉందో ఆరా తీయాలి. డబ్బా మీద బ్రాండు పేరు కన్నా లోపలి చిప్ పేరు ముఖ్యం. ఎఫ్‌టీడీఐ, ప్రోలిఫిక్, సిలికాన్ ల్యాబ్స్ వాళ్ల సీపీ2102, చవక రకాల్లో కనిపించే సీహెచ్340 తరచూ తగిలేవి. పాత ప్రోలిఫిక్ పీఎల్2303 హెచ్‌ఎక్స్‌ఏ రకం ఇప్పుడు కొత్త విండోస్‌లో పనిచేయదు. ఆ చిప్ 2012లోనే ఆగిపోయిందని డివైస్ మేనేజర్‌లో పేరు స్థానంలోనే రాసి వస్తుంది. ఎఫ్‌టీడీఐ చిప్‌లకు నకిలీలు విపరీతం. 2014లో ఆ కంపెనీ డ్రైవర్ ఒకటి నకిలీ చిప్‌ల గుర్తింపు సంఖ్యను సున్నా చేసేయడంతో పనిచేస్తున్న కన్వర్టర్లు ఉన్నట్టుండి మూగబోయాయి. పనికి వాడే కన్వర్టర్‌ని నమ్మకమైన చోటే కొనమనేది అందుకే.

ఈ చిప్‌ల మధ్య తేడా రోజువారీ వాడకంలో ఇంకోలా బయటపడుతుంది. ప్రతి ముక్కకీ సొంత సీరియల్ సంఖ్య ఉన్న కన్వర్టర్‌ని ఏ యూఎస్‌బీ రంధ్రంలో పెట్టినా విండోస్ గుర్తుపట్టి పాత కామ్ నంబరే ఇస్తుంది. సీహెచ్340 లాంటివాటిలో సాధారణంగా ఆ సంఖ్య ఉండదు. కుడివైపు పెడితే కామ్5, ఎడమవైపు పెడితే కామ్6. నిన్న నడిచిన సాఫ్ట్‌వేర్ ఈరోజు నడవకపోవడానికి కారణం ఒక్కోసారి ఇంతే. అలాంటి కన్వర్టర్‌కి ఒక రంధ్రం ఖాయం చేసి, దాని పక్కన చిన్న స్టిక్కర్ అంటించడం మేలు.

ఇక సమయం విషయం. ఇది బయటికి కనిపించదు గనక ఎక్కువ మందిని తిప్పలు పెడుతుంది. 9600 వేగంతో ఒక అక్షరానికి పది బిట్లు, అంటే సెకనుకి 960 అక్షరాలు, ఒక్కోదానికి మిల్లీసెకను పైచిలుకు. అసలు సీరియల్ పోర్టులో అక్షరం రాగానే దాదాపు వెంటనే ప్రోగ్రామ్‌కి చేరుతుంది. ఎఫ్‌టీడీఐ కన్వర్టర్ మాత్రం 62 బైట్లు పోగయ్యేదాకా, లేదా 16 మిల్లీసెకన్లు గడిచేదాకా ఆగి, అప్పుడు మూట కట్టి పంపుతుంది. ప్రశ్నకి నాలుగు బైట్ల జవాబిచ్చే మీటరైతే ప్రతి జవాబూ ఆ ఆలస్యం మోయాల్సిందే. వంద రిజిస్టర్లు ఒక్కొక్కటిగా చదివే ప్రోగ్రామ్‌కి ఒకటిన్నర సెకను పైగా అదనం. 10 మిల్లీసెకన్లలో జవాబు రాకపోతే లైను తెగిందనుకునే ప్రోగ్రామ్ అయితే అసలు కనెక్టే కాదు. మందు మాత్రం తేలిక. కామ్ నంబరు మార్చిన అడ్వాన్స్‌డ్ పేజీలోనే లేటెన్సీ టైమర్ ఉంటుంది, 16ని 1 చేస్తే చాలు.

కొన్ని పాత పరికరాలు సీరియల్ కేబుల్‌లోని ఆర్‌టీఎస్, డీటీఆర్ అనే సిగ్నల్ తీగల నుంచే కరెంటు లాక్కుని బతుకుతాయి. పాత డెస్క్‌టాప్‌లో ఆ తీగల మీద 10 నుంచి 12 వోల్టులు వచ్చేవి. చాలా కన్వర్టర్లు 5, 6 వోల్టులకు మించి ఇవ్వలేవు. అలాంటి పరికరం ఒకసారి పలికి ఇంకోసారి పలకదు. దానికి విడిగా పవర్ ఇచ్చే దారి వెతకాలి. మోటార్లు, వెల్డింగ్ యంత్రాలు ఉన్న చోటైతే ఐసొలేషన్ (రెండు వైపుల కరెంటు దారులు కలవకుండా చేసే ఏర్పాటు) ఉన్న కన్వర్టరే కొనాలి. ఛార్జర్ గ్రౌండ్‌కీ, యంత్రం గ్రౌండ్‌కీ మధ్య వోల్టేజీ తేడా వస్తే ఆ కరెంటు నేరుగా ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టులోకే పారుతుంది.

తప్పు ఎక్కడుందో తేల్చే పరీక్ష ఒకటుంది, ఎవరైనా చేయొచ్చు. కన్వర్టర్‌ని యంత్రం నుంచి విడదీసి, 2, 3 పిన్నులను చిన్న వైరుతో కలపాలి. పుట్టీ లాంటి టెర్మినల్ ప్రోగ్రామ్‌లో ఆ కామ్ పోర్టు తెరిచి, ఫ్లో కంట్రోల్ ఆపేసి, ఏదో ఒకటి టైప్ చేయాలి. టైప్ చేసిన అక్షరాలే తెర మీద కనిపిస్తే కన్వర్టరూ, డ్రైవరూ, విండోసూ మూడూ సరిగ్గా ఉన్నట్టు. వైరు తీసేస్తే అక్షరాలు ఆగిపోవాలి. అప్పుడు అనుమానం కేబుల్ మీదికో, బాడ్ రేటు (డేటా వేగం), ప్యారిటీ (తప్పు పట్టే బిట్టు) సెట్టింగుల మీదికో మళ్లుతుంది. చాలాసార్లు 2, 3 తీగలు అడ్డంగా మారిన నల్ మోడెమ్ కేబుల్ వాడాల్సిన చోట నేరు కేబుల్ వాడి ఉంటారు.

ప్యారలల్: పేరుకే కన్వర్టర్

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఒక్కటే ఉంటే దిగులు లేదు. యూఎస్‌బీ-ప్యారలల్ కేబుల్ పనిచేస్తుంది. ఎల్‌పీటీ1కే (ప్యారలల్ పోర్టు పేరు) ప్రింట్ పంపే డాస్ కాలపు బిల్లింగ్ ప్రోగ్రామ్ అయితే ఆ ప్రింటర్‌ని షేర్ చేసి, నెట్ యూజ్ కమాండ్‌తో ఎల్‌పీటీ1ని ఆ షేర్‌కి మళ్లిస్తే సరి.

ప్రింటర్ కానిదేదైనా ఆ పోర్టుకి తగిలించాల్సి వస్తే కథ వేరు. యూఎస్‌బీ-ప్యారలల్ కేబుల్ విండోస్‌కి యూఎస్‌బీ ప్రింటర్‌గానే కనిపిస్తుంది, ఎల్‌పీటీ పోర్టు అసలు పుట్టదు. లైసెన్స్ డాంగిళ్లు (తగిలించి ఉంటేనే సాఫ్ట్‌వేర్‌ని నడవనిచ్చే తాళాలు), ఈప్రామ్ అనే మెమరీ చిప్‌ల ప్రోగ్రామర్లు, చిన్న సీఎన్‌సీ కంట్రోలర్లు 378 అనే హెక్సాడెసిమల్ చిరునామాకి నేరుగా బిట్లు రాస్తాయి. ఆ చిరునామా దగ్గర ఎవరూ లేకపోతే అవి చేతులెత్తేస్తాయి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ ప్యారలల్ కార్డు పెట్టినా దానికి సాధారణంగా వేరే చిరునామా వస్తుంది. చిరునామా మార్చుకునే వీలు సాఫ్ట్‌వేర్‌లో లేకపోతే అదీ వృథా. ఈ రకం పరికరాల కోసం కొత్త ల్యాప్‌టాప్ వెతకొద్దని మా గట్టి సలహా. ప్యారలల్ పోర్టు ఉన్న పాత కంప్యూటర్‌ని ఆ ఒక్క పనికే ఉంచుకుని, నెట్‌వర్క్ తీసేసి, హార్డ్ డిస్క్‌కి పూర్తి ఇమేజ్ తీసి, మదర్‌బోర్డులోని సీఆర్2032 బ్యాటరీ మార్చి పెట్టుకోవడం చవక, క్షేమం కూడా. డాంగిల్ విషయంలో మాత్రం ముందు సాఫ్ట్‌వేర్ కంపెనీని యూఎస్‌బీ డాంగిల్‌కి మార్చి ఇస్తారేమో అడగాలి.

ఫైర్‌వైర్, కార్డులు: థండర్‌బోల్ట్ అక్కరకొచ్చే చోటు

మినీ డీవీ క్యామ్‌కార్డర్లు, పాత ఆడియో ఇంటర్‌ఫేస్‌లు ఫైర్‌వైర్ అనే పాత పోర్టు మీద నడుస్తాయి. ఒక చివర యూఎస్‌బీ, ఇంకో చివర ఫైర్‌వైర్ ఉన్న కేబుళ్లు తక్కువ ధరకి దొరుకుతాయి. వాటి జోలికి పోవద్దు. లోపల చిప్ ఏమీ ఉండదు, తీగలు కలిపి ఉంటాయంతే. రెండూ వేర్వేరు భాషలు గనక డేటా రాదు సరికదా, 6 పిన్నుల ఫైర్‌వైర్‌లో 30 వోల్టుల దాకా ఉండొచ్చు, యూఎస్‌బీ తట్టుకునేది 5 వోల్టులే. 

ఫైర్‌వైర్‌కి కావాల్సింది పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారి. పాత ల్యాప్‌టాప్‌లలో ఎక్స్‌ప్రెస్ కార్డు స్లాట్ ఆ దారి ఇచ్చేది. ఇప్పుడు ఆ పని చేసేది యూఎస్‌బీ-సీ ఆకారంలోనే ఉండే థండర్‌బోల్ట్ పోర్టు. యాపిల్ థండర్‌బోల్ట్-ఫైర్‌వైర్ అడాప్టర్‌కి థండర్‌బోల్ట్ 3 నుంచి 2కి మార్చే అడాప్టర్ జతచేసి గొలుసుగా వాడొచ్చు. లేదంటే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఉన్న థండర్‌బోల్ట్ పెట్టెలో ఫైర్‌వైర్ కార్డు బిగించొచ్చు. అసలైన సీరియల్ కార్డు, డేటా సేకరణ కార్డు కూడా ఇదే పెట్టెలో పనిచేస్తాయి. సీరియల్ టైమింగ్‌తో వేగలేని చోట ఇది చక్కటి మార్గం. మ్యాక్ వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: 2025లో వచ్చిన మ్యాక్ ఓఎస్ 26లో ఫైర్‌వైర్ మద్దతు తీసేశారు.

యూఎస్‌బీ-సీ రంధ్రం ఉంటే థండర్‌బోల్ట్ ఉన్నట్టేనని అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఒకే ఆకారంలో ఉన్న రంధ్రం వెనక ఉత్త యూఎస్‌బీ 2 ఉండొచ్చు, డిస్‌ప్లే ఇచ్చే వీలు ఉండొచ్చు, థండర్‌బోల్ట్ 4 ఉండొచ్చు. థండర్‌బోల్ట్ 4 అని స్పెసిఫికేషన్‌లో స్పష్టంగా రాసి ఉంటే పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారి సెకనుకి 32 గిగాబిట్లతో ఉండి తీరాలి. ఉత్త యూఎస్‌బీ4 అని ఉంటే ఆ ప్రమాణంలో పీసీఐ దారి తప్పనిసరి కాదు, మోడల్ మాన్యువల్‌లో చూసుకోవాలి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో భద్రత కోసం బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే సెట్టింగ్స్‌లో) ఈ దారిని మూసేసి ఉంచడం కూడా ఉంది. అది తెరిపించే అధికారం ఎవరి చేతిలో ఉందో కొనేముందే కనుక్కోవాలి.

పెద్దగా బాధపెట్టనివి

వీజీఏ ప్రొజెక్టర్ కోసం వీజీఏ ఉన్న ల్యాప్‌టాప్ వెతకనక్కర్లేదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే అడాప్టర్ చాలు. అయితే అందులో చిప్ ఉండాలి, దిశ కూడా సరిచూసుకోవాలి. వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది ఇంకో వస్తువు, తిప్పి పెడితే పనిచేయదు. హెచ్‌డీఎంఐ పోర్టు 5 వోల్టుల దగ్గర 55 మిల్లీయాంపియర్లు ఇస్తే చాలని నియమం, చిప్‌కి అది చాలక బొమ్మ వస్తూ పోతూ ఉండొచ్చు. పక్కన పవర్ సాకెట్ ఉన్న అడాప్టర్ తీసుకుంటే ఆ బెడద ఉండదు. పాత ప్రొజెక్టర్‌లో బొమ్మ రాకపోతే రిజల్యూషన్‌ని 1024×768కి దించి చూడాలి.

నెట్‌వర్క్ పోర్టు మాత్రం ల్యాప్‌టాప్‌లోనే ఉంటే మంచిది. స్విచ్‌లు, పీఎల్‌సీల దగ్గర నిలబడి పనిచేసేవాళ్లకి అడాప్టర్ ఊడిపోవడం పెద్ద చికాకు. మామూలు యూఎస్‌బీ పోర్టులు కనీసం రెండు ఉండాలి. యూఎస్‌బీ డాంగిల్ కొన్నిసార్లు హబ్ మీద పలకదు, నేరుగా పెట్టాల్సిందే. దీనికి తలకిందుల సంగతి ఒకటుంది: బాగా పాత యూఎస్‌బీ పరికరం కొత్త ల్యాప్‌టాప్ యూఎస్‌బీ 3 పోర్టులో గుర్తింపు రాక మొరాయిస్తే, మధ్యలో పాత యూఎస్‌బీ 2.0 హబ్ పెట్టగానే పనిచేసిన సందర్భాలు బోలెడు. ఫ్లాపీలకు యూఎస్‌బీ డ్రైవ్‌లు ఉన్నాయి గానీ అవి మూడున్నర అంగుళాల 720 కేబీ, 1.44 ఎంబీ ఫ్లాపీలనే చదువుతాయి.

అసలు గండం డ్రైవర్ దగ్గర

ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లు, అంటే స్నాప్‌డ్రాగన్ ఎక్స్ రకాలు, బ్యాటరీ బాగా ఇస్తాయి. మామూలు ఇంటెల్ ప్రోగ్రామ్‌లను అనువదించుకుని నడుపుతాయి కూడా. కానీ ఆ అనువాదం ప్రోగ్రామ్‌లకే, డ్రైవర్లకు వర్తించదు. డ్రైవర్ ప్రత్యేకంగా ఆర్మ్ కోసం తయారై ఉండాలి. 2009లో ఆగిపోయిన పరికరానికి అలాంటి డ్రైవర్ ఇప్పుడెవరు రాస్తారు? పాత పరికరాలతో పని ఉన్నవాళ్లు ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ ప్రాసెసర్ దగ్గరే ఆగాలి. ఈ ఒక్క విషయంలో మినహాయింపు వెతుక్కోవద్దు.

విండోస్ 11కి 32-బిట్ రూపం లేదు. 32-బిట్ ప్రోగ్రామ్‌లు దాని మీద నడుస్తాయి, 32-బిట్ డ్రైవర్లు నడవవు, 16-బిట్ ప్రోగ్రామ్‌లు అసలే నడవవు. ప్రోగ్రామ్ 32-బిట్టే అయినా దాన్ని ఎక్కించే సెటప్ మాత్రం 16-బిట్ అయి ఉండటం ఆ కాలపు సాఫ్ట్‌వేర్‌లో మామూలే. 32-బిట్ రూపంలో వచ్చిన చివరి విండోస్ అయిన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. వీటికి తోడు కొత్త ల్యాప్‌టాప్‌లలో మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ ముందే ఆన్ అయి ఉంటుంది. నిన్నటిదాకా నడిచిన 64-బిట్ డ్రైవర్‌ని కూడా ఇది ఆపేయగలదు. విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసొలేషన్ తెరిస్తే పొసగని డ్రైవర్ల పేర్లు కనిపిస్తాయి. దాన్ని ఆపేస్తే డ్రైవర్ ఎక్కుతుంది, రక్షణ తగ్గుతుంది. ఈమెయిల్, బ్యాంకు లావాదేవీలు జరిగే ల్యాప్‌టాప్‌లో అలా ఆపడాన్ని మేం సమర్థించం.

ఇలాంటి చోట వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే ఇంకో కంప్యూటర్, ఆదుకుంటుంది. వర్చువల్‌బాక్స్ లేదా వీఎమ్‌వేర్‌లో పాత 32-బిట్ విండోస్ ఎక్కించి, నెట్‌వర్క్ తీసేసి, యూఎస్‌బీ పరికరాన్ని నేరుగా దానికి అప్పగించాలి. అప్పుడు పాత డ్రైవర్ లోపలి విండోస్‌లో ఎక్కుతుంది, బయటి విండోస్‌కి దానితో పని లేదు. సీరియల్ కన్వర్టర్లు, యూఎస్‌బీ డాంగిళ్లు చాలావరకు ఇలా బతికిపోతాయి. ఫైర్‌వైర్, పీసీఐ కార్డులకు ఈ దారి లేదు. వర్చువల్ మెషీన్‌కి మెమరీ కావాలి గనక ల్యాప్‌టాప్‌లో 16 జీబీకి తగ్గకూడదు.

ఏ ల్యాప్‌టాప్?

జాబితాలో సీరియల్, ప్రొజెక్టర్, నెట్‌వర్క్ మాత్రమే ఉంటే, నెట్‌వర్క్ పోర్టు, రెండు మామూలు యూఎస్‌బీలు, హెచ్‌డీఎంఐ ఉన్న ఏ ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ ఆఫీసు ల్యాప్‌టాప్ అయినా సరిపోతుంది. మిగిలిన డబ్బు మంచి కన్వర్టర్ మీద పెట్టొచ్చు. ఫైర్‌వైర్ గానీ, కార్డు గానీ ఉంటే థండర్‌బోల్ట్ తప్పనిసరి. ఫ్యాక్టరీలో, ఆరుబయట రోజూ సీరియల్‌తోనే పనైతే పానాసోనిక్ టఫ్‌బుక్, గెటాక్, డెల్ రగ్గెడ్ వరసల్లో సొంత 9 పిన్నుల పోర్టుతో వచ్చే మోడళ్లున్నాయి. కొన్నింటిలో అది ఐచ్ఛికం, ఆర్డర్ పెట్టేటప్పుడే ఎంచుకోవాలి. ధర ఎక్కువే, కానీ కన్వర్టర్ లాగి విరగ్గొట్టే బాధ ఉండదు. ఆ పోర్టు అసలైన సీరియలా, లోపలే బిగించిన యూఎస్‌బీ కన్వర్టరా అని మాత్రం అమ్మేవాళ్లని రాతపూర్వకంగా అడగాలి. యంత్రం ఒకేచోట ఉంటే దాని పక్కనే సీరియల్ డివైస్ సర్వర్ పెట్టి నెట్‌వర్క్‌కి కలపడం ఇంకా మంచిది. అప్పుడు ల్యాప్‌టాప్‌కి పోర్టు గొడవే ఉండదు, సర్వర్ డ్రైవర్ వర్చువల్ కామ్ పోర్టు చూపిస్తుంది. అయితే టైమింగ్ పట్టింపు ఉన్న పరికరాలకు ఇక్కడా ఆలస్యం కొలిచి చూడాలి.

కొన్నాక, పాతది ఇంకా బల్ల మీద ఉండగానే, జాబితాలోని ప్రతి పరికరాన్ని కొత్తదానితో ఒక పూర్తి పని చేయించాలి. కనెక్ట్ అయిందని ఊరుకోకూడదు. పీఎల్‌సీ అయితే ప్రోగ్రామ్ పైకి చదవడమూ, కిందికి రాయడమూ రెండూ చూడాలి, ఎందుకంటే చదవడం బాగానే సాగి, రాసేటప్పుడు మధ్యలో తెగే కన్వర్టర్లున్నాయి. ఆ రాతని నడుస్తున్న యంత్రం మీద కాకుండా, ఆపి బ్యాకప్ తీసినదాని మీదే ప్రయత్నించాలి. తర్వాత ల్యాప్‌టాప్‌ని అరగంట స్లీప్‌లో ఉంచి లేపి, పోర్టు ఇంకా ఉందో లేదో చూడాలి. మాయమైతే డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ హబ్ పవర్ మేనేజ్‌మెంట్ పేజీ తెరిచి, కరెంటు ఆదా కోసం ఆపేయనిచ్చే టిక్కు తీసేయాలి. పెండింగ్‌లో ఉన్న విండోస్ అప్‌డేట్లన్నీ ఎక్కించి, రీస్టార్ట్ చేసి, అదే పని మళ్లీ చేయించాలి. అన్నీ నెగ్గాక కామ్ నంబర్లు, లేటెన్సీ విలువ, బాడ్ రేటు, పనిచేసిన డ్రైవర్ వెర్షన్ ఒక కాగితం మీద రాసి, ఆ డ్రైవర్ ఫైళ్లతో పాటు కన్వర్టర్ ఉన్న సంచిలోనే పెట్టాలి.